తెప్ప దండకం

తెప్పా, నీకు దండం.

ఎగువ అడవుల కలపను మోకులతో కట్టగా బిగిస్తే గోదావరి వాలున రాజమండ్రి దాకా సాగిపోయిన ఒకనాటి తెప్పా, నీకు దండం. వెయ్యి మీటర్ల పొడవున ఉక్కుతో పుట్టి, చిన్న విమానాన్ని వీపు మీద దింపుకున్న టోక్యో అఖాతపు తెప్పా, నీకూ దండం. నిన్ను మోసే నీరు ఎక్కడైనా ఒకటే. నిన్ను లేపే అల ధర్మమూ ఒకటే. అల నీ కిందికి వచ్చినప్పుడు పొట్టిదానివైతే ఊగుతావు, పొడుగుదానివైతే వంగుతావు. ఆ వంపును పొగడాలనే ఈ దండకం.

సముద్రం కంట పడని నేల మాది. జనగామలో అల అంటే చీటకోడూరు రిజర్వాయరు మీద గాలికి లేచే ముడత. మహబూబాబాద్ జిల్లాలో అల అంటే గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ కట్టించిన బయ్యారం చెరువులో కట్ట రాళ్ళను తడుముతూ పోయే చప్పుడు. భూపాలపల్లి జిల్లాలో అది గణపురం గణపసముద్రం మీద సాయంత్రపు గాలి. లేదంటే కాళేశ్వరం దగ్గర, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట, వరద రోజుల్లో నాటు పడవను గిరగిర తిప్పే ఎర్రనీటి పొర్లు. ఇంత లోపలి నేల మీద బతికేవాళ్ళకు సముద్రపు తెప్పల సంగతి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నిన్ను దగ్గరగా చూడడానికి ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం. చెరువు అల చిన్నది, నిదానంగా వస్తుంది. అది చేసే పనంతా కంటికి కనిపిస్తుంది.

ముందు ఇటుకకు దండం పెట్టాలి. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో నిలిపిన రామప్ప గుడి, 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా మా భూపాలపల్లి జిల్లాలోదే. 2021 జులైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుడి విమానానికి వాడిన ఇటుక నీళ్ళలో వేస్తే తేలుతుంది. మట్టిలో ఏవో కలిపి కాల్చి, ఒంటినిండా గాలి గదులు నింపి, నీటికంటే తేలికగా చేశారు. కింది రాతి గోడల మీద బరువు పడకూడదని ఆలోచించిన ఆ స్థపతుల చేతికి నా మొక్కు. మునిగిన మేరకు తొలగిన నీటి బరువెంతో, నీరు పైకి నెట్టే బలం అంత. ఆర్కిమిడీస్ చెప్పిన ఆ లెక్క ఇటుకకూ వర్తిస్తుంది, లక్ష టన్నుల ఓడకూ వర్తిస్తుంది. అయితే ఇటుక కథ అక్కడితో ఆగిపోతుంది. అల వస్తే ఇటుక ఎక్కుతుంది, దిగుతుంది, కాస్త ఒరుగుతుంది. దానికి వంగే అవసరమే లేదు. అల అంతా దానికంటే ఎంతో పొడుగు, ఏ క్షణాన చూసినా ఇటుక మొత్తం అలలోని ఒక్క వాలు మీదే ఉంటుంది.

తెప్పా, నువ్వు పెరిగేకొద్దీ ఈ సుఖం నీకు దక్కదు. లోతైన నీటిలో అల పొడవును దాని వ్యవధి నిర్ణయిస్తుంది. ఒక శిఖరం దాటాక మరో శిఖరం రావడానికి 2 సెకన్లు పడితే, ఆ రెండు శిఖరాల నడుమ దూరం సుమారు 6 మీటర్లు. 5 సెకన్లయితే 39 మీటర్లు. 10 సెకన్లయితే 156. వ్యవధి రెట్టింపైతే పొడవు నాలుగింతలు. చెరువు మీద గాలి పరుగెత్తే జాగా తక్కువ, అందుకే మా అలలు ఒకటి రెండు సెకన్లవి. బంగాళాఖాతంలో వేరే లోకం. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుఫాను లేపిన ఉబ్బు అలలు వేల కిలోమీటర్లు నడిచి విశాఖ ఒడ్డుకు వస్తాయి. ఇక్కడ ఆకు కదలని రోజున కూడా వస్తాయి. వాటి వ్యవధి 15 సెకన్లైతే నడిసముద్రంలో పొడవు 350 మీటర్లు. వెయ్యి మీటర్ల తెప్ప కింద అలాంటివి ఒకేసారి మూడు దూరి ఉంటాయి. ఒకచోట పైకి, ఒకచోట కిందికి, మళ్ళీ పైకి. అప్పుడు నీ ముందు రెండు దారులే: వంగాలి, లేకపోతే ఆ మూడు అలలనూ ఎదిరించేంత మందం తెచ్చుకోవాలి. అంత మందం ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చినా అది తెప్ప కాదు, కొండ.

సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం ఏ ఊరి చెరువుగట్టు మీదైనా నిలబడి చూడండి. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు వరుసలు వరుసలుగా పేర్చిన బతుకమ్మను మోకాలి లోతు నీళ్ళలోకి దిగి సిబ్బితో సహా దించుతారు. అరచేత్తో రెండుసార్లు వెనకనుంచి నీళ్ళు తోస్తారు. ఒంటరిగా పోయే బతుకమ్మ అల తగిలితే ఒరుగుతుంది, నిలదొక్కుకుంటుంది, పూల వరుస చెదరదు. కాసేపటికి గాలి వాటం ఊరందరి బతుకమ్మలనూ ఒక పక్కకు చేరుస్తుంది. సిబ్బి అంచుకు సిబ్బి అంచు తగిలి నీళ్ళు కనబడకుండా పూలు పరుచుకుంటాయి. అప్పుడొక అల వస్తుంది. మొదటి వరుస లేస్తుంది, అది దిగుతుండగా రెండోది లేస్తుంది, తర్వాత మూడోది. ఒక్కో బతుకమ్మ గట్టిదే, ఏదీ వంగలేదు, అయినా మొత్తం పూల పరుపు వంగింది. అల ఆకారం నీటిలో కంటే పూలలోనే స్పష్టంగా కనిపించింది. కొన్ని వరుసలు దాటేసరికి ఆ లేవడం తగ్గిపోయింది. అంచు సిబ్బులు ఒకదానికొకటి రాసుకుంటూ, తగులుకుంటూ అల బలాన్ని తినేశాయి. సముద్రం మీద ఊరంత తెప్పను కట్టాలనుకునేవాడికి కావలసిన మొదటి పాఠం ఇందులో ఉంది. మా ఆడవాళ్ళు ఏటా దాన్ని నీటి మీద పరిచి చూపిస్తున్నారు.

రెండో పాఠం నీరు మోసే తీరులో ఉంది. చదరపు మీటరు అడుగున్న తెప్ప ఒక్క సెంటీమీటరు ఎక్కువ మునిగితే నీరు 10 కిలోల అదనపు బలంతో పైకి నెడుతుంది. రెండు సెంటీమీటర్లయితే 20 కిలోలు. ఇలా అడుగుభాగమంతటా నీరు లెక్క తప్పకుండా బదులిస్తూ ఉంటుంది. నులక మంచం మీద నడుమ ఒకరు కూర్చుంటే అక్కడి అల్లిక దిగి, చుట్టుపక్కల తాళ్ళను కొంచెం లాగుతుంది. తలాపు మూలకు మాత్రం ఆ సంగతే తెలియదు. పొడవాటి పలుచటి తెప్పకూ నీటికీ మధ్య జరిగేది ఇదే. బరువు పడ్డచోట వంపు పుడుతుంది, ఆ వంపు కొంత దూరం పాకి ఆరిపోతుంది. ఎంత దూరం పాకుతుందన్నది తెప్ప బిగువును బట్టి, నీటి బదులును బట్టి ఉంటుంది. ఆ దూరం కంటే పొడుగైన తెప్పను గట్టి దిమ్మెగా లెక్కవేస్తే లెక్క తప్పుతుంది. దానికి సాగే గుణం, వంగే గుణం ఉన్న ఒళ్ళున్నదని ఒప్పుకుని లెక్క వెయ్యాలి. ఇంజినీర్లు హైడ్రోఎలాస్టిసిటీ అనే పేరుతో చదువుకునేది ఈ ఒప్పుకోలునే.

ఇంకో మహిమ ఉంది నీలో. అల నిన్ను కదిలిస్తే నువ్వు ఊరికే కదిలి ఊరుకోవు. నువ్వు లేచినప్పుడు నీ కింది నీరూ నీతో లేస్తుంది, నీ బరువుకు ఆ నీటి బరువు తోడవుతుంది. నీ లయ నెమ్మదిస్తుంది. మళ్ళీ నువ్వు దిగినప్పుడు నీ చుట్టూ కొత్త అలలు పుట్టి దూరంగా పోతాయి. తీసుకున్న బలంలో కొంత అలా నీటికే తిరిగి ఇచ్చేస్తావు. ఆ ఇవ్వడం వల్లే నీ కంపం ఆగుతుంది. తీసుకున్నదంతా దాచుకుంటే ఊపు మీద ఊపు చేరి నీ ఒళ్ళు నువ్వే విరుచుకునేదానివి.

ఈ విద్య పుస్తకాల్లోకి ఎక్కకముందే మన తీరంలో దారం పట్టుకున్న చేతులకు తెలుసు. విశాఖలో 1933లో హార్బరు తెరుచుకోకముందు ఓడలు దూరాన లంగరు వేసుకుని ఉండేవి. కోరమాండల్ తీరమంతటా ఒడ్డుకూ ఓడకూ మధ్య విరిగిపడే కెరటాలను దాటింది మసూలా పడవ. దానికి మేకు లేదు. లోపల పక్కటెముకలూ లేవు. పలకకు పలక ఆనించి, సందు మీద గడ్డి పేని అదిమి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటం ఎత్తి ఇసుక మీద వేస్తే కుట్టు దగ్గర పలకలు రవ్వంత జరిగేవి, మళ్ళీ తమ చోటికి వచ్చేవి. మేకులతో బిగించిన యూరప్ పడవలు అదే దెబ్బకు అక్కడే పగిలేవి. ఆ పడవ అడుగున కొంచెం నీరు ఊరుతూనే ఉంటుంది, ఒకరు తోడుతూనే ఉండాలి. అది ఆ కుట్టుకు కట్టిన సుంకం. కుట్టుపడవ కట్టిన పేరు తెలియని ఆ కళాసీలకు, వడ్రంగులకు ఈ దండకంలో రామప్ప స్థపతుల పక్కనే పీట వెయ్యాలి.

వంగనివ్వకపోతే, వంగడానికి హద్దు తెలియకపోతే ఏమవుతుందో మన హిందూ మహాసముద్రమే చూపించింది. 2013 జూన్ 17న యెమెన్ తీరానికి దూరంగా, ఎంఓఎల్ కంఫర్ట్ అనే 316 మీటర్ల కంటైనర్ ఓడ నడిమికి విరిగింది. కట్టి ఐదేళ్ళే. సింగపూర్ నుంచి జెద్దా పోతోంది. అల శిఖరం ఓడ నడుము కిందికి వచ్చినప్పుడు ముందూ వెనకా కొసలు బరువుతో కిందికి వేలాడతాయి, అడుగు రేకు నలిగిపోయేంత ఒత్తిడి పడుతుంది. శిఖరాలు రెండు కొసలకు చేరినప్పుడు నడుము జారుతుంది. ఓడ బతుకంతా ఈ రెంటి మధ్యా ఊగడమే, కొన్ని సెకన్లకొకసారి, ఏళ్ళ తరబడి. కంఫర్ట్ అడుగు రేకు ఆ ఊపులో ముడతపడింది, చీలిక అక్కడ మొదలైంది. 26 మంది నావికులూ ప్రాణాలతో బయటపడ్డారు. రెండు ముక్కలూ కొన్నాళ్ళు విడివిడిగా తేలి తర్వాత మునిగాయి. ఇలాంటివి జరగకూడదనే ఓడ నమూనాను ముక్కలుగా కోసి, లోపల ఒక లోహపు దూలంతో కలిపి, తొట్టిలో అలలు పుట్టించి, ఆ దూలం ఎంత వంగిందో కొలుస్తారు. ముక్కు నీటిని కొట్టినప్పుడు ఓడంతా వణికే వణుకును విప్పింగ్ అంటారు. అల లయా ఓడ లయా కలిసి ఆగకుండా సాగే కంపాన్ని స్ప్రింగింగ్ అంటారు. విశాఖలో 1969లో నెలకొల్పిన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ కూడా తన తొట్లలో అలలు పుట్టించి నమూనాలను పరీక్షిస్తుంది. మన తెలుగు నేల మీద అలకు అంత శ్రద్ధగా కొలత వేసే చోటు ఒకటుందంటే నాకు గర్వంగా ఉంటుంది.

మన పిల్లలు చాలామంది రోజూ తెప్ప మీదుగా ఆఫీసుకు పోయే ఊరు ఒకటుంది. సియాటెల్ నుంచి రెడ్‌మండ్ వైపు పోవాలంటే లేక్ వాషింగ్టన్ దాటాలి. సరస్సు బాగా లోతు, అడుగున మెత్తటి బురద, స్తంభాలు నిలపడం కష్టం. అందుకే రోడ్డునే తేల్చారు. 2016 ఏప్రిల్‌లో తెరిచిన వంతెనకు 77 కాంక్రీటు పాంటూన్లు. తేలే భాగం పొడవు 2,350 మీటర్లు. ప్రపంచంలో ఇంత పొడవైన తేలే వంతెన మరొకటి లేదు. 58 లంగర్ల తీగలు దాన్ని అటూ ఇటూ పోకుండా పట్టుకుని ఉంటాయి. గాలి దక్షిణం నుంచి కొట్టిన రోజున ఒక పక్క అలలు పాంటూన్లకు కొట్టుకుంటూ ఉంటే, రోడ్డుకు అవతలి పక్క నీళ్ళు నున్నగా ఉంటాయి. తెప్ప అలను మింగి అవతలి పక్కకు నిద్రపోయే నీటిని ఇస్తుంది. అదే సరస్సు మీద 1940లో కట్టిన ఇంకో తేలే వంతెన మరమ్మతుల్లో ఉండగా, 1990 నవంబర్ 25న గాలివానకు పాంటూన్లలో నీరు చేరి మునిగిపోయింది. పని కోసం తెరిచిన కంతల్లోంచి నీరు దూరింది. వంగడం నేర్చిన ఒంటికి కూడా లోపలి గాలి గదులు పదిలంగా ఉండాలి. రామప్ప ఇటుక ఆ సంగతి ఎనిమిది వందల ఏళ్ళుగా పట్టుకుని ఉంది.

ఇక మా గోదావరి దగ్గరి తెప్పకు వద్దాం. పెద్దపల్లి జిల్లా రామగుండం, మా భూపాలపల్లికి ఎగువ. అక్కడి ఎన్టీపీసీ బ్యాలెన్సింగ్ రిజర్వాయరు మీద 500 ఎకరాల్లో సౌర పలకలు తేలుతున్నాయి. 100 మెగావాట్ల ఆ ప్లాంటు 2022 జులై 1 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. మొత్తం 40 బ్లాకులు, బ్లాకుకు 11,200 పలకలు. ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు, బ్రేకరు కూడా ఒడ్డున లేవు, ఫెర్రో సిమెంటు తెప్పల మీద నీటిలోనే ఉన్నాయి. పలకలను మోసేవి పాలీఎథిలిన్ ఫ్లోట్లు. రిజర్వాయరు అడుగున దించిన కాంక్రీటు దిమ్మెలకు గట్టి పాలీఎథిలిన్ తాళ్ళతో వాటిని కట్టారు. అంతకుముందే 2021 ఆగస్టులో విశాఖ దగ్గరి సింహాద్రిలో 25 మెగావాట్ల తేలే ప్లాంటు మొదలైంది. రామగుండానిది మాత్రం ఊరంత విస్తీర్ణం.

ఇలాంటి ప్లాంట్లలో ఒక ఫ్లోటును దగ్గరగా చూస్తే దాని మూలలకు చెవులుంటాయి. పక్క ఫ్లోటు చెవి దాని చెవి మీద కూర్చుంటుంది. రెండు కంతలూ ఒకదాని మీదొకటి సరిగ్గా పడ్డాక ప్లాస్టిక్ బోల్టు దిగుతుంది, నట్టు బిగుస్తుంది. బిగుస్తుంది కానీ బిర్రుగా పట్టదు. చెవి తిరగడానికి రవ్వంత వదులు ఉంచుతారు. ఆ వదులులోనే ప్రాణమంతా ఉంది. నడిచే దారి మీద అడుగు వేస్తే కాలి కింది ఫ్లోటు దిగుతుంది. చదరపు మీటరు ఫ్లోటు మీద 60 కిలోల మనిషి ఒక్కడే నిలబడితే అది 6 సెంటీమీటర్లు దిగాలి. అంత దిగదు. చెవుల ద్వారా పక్కవి బరువు పంచుకుంటాయి. అడుగు తీయగానే పైకి వస్తుంది, చెవులు కిర్రుమంటాయి. గాలి లేచిన రోజున పొడవాటి వరుసల మీదుగా ఆ కిర్రు అల నడిచినంత దూరం నడుస్తుంది. అంచు వరుసలు ఎక్కువ తింటాయి, లోపలి వరుసలకు అల చేరేసరికి సద్దుమణుగుతుంది. అందుకే అంచు బోల్టులే ముందు అరుగుతాయి, మనుషులు వెళ్ళి చూడాల్సింది ముందు అక్కడ. గట్టిదైన సిమెంటు తెప్పకూ మెత్తటి ఫ్లోట్ల వరుసకూ మధ్య కేబులు బిగదీసి ఉండకూడదు. వంపులు వంపులుగా అదనపు పొడవు వదలాలి. తెప్ప ఒంట్లో గట్టిదీ మెత్తనిదీ కలిసే చోటే పరీక్ష జరుగుతుంది.

రామగుండం ప్లాంటు వల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని, 1,65,000 టన్నుల బొగ్గు కాల్చే పని తప్పుతుందని ఎన్టీపీసీ లెక్క. భూపాలపల్లిలో సింగరేణి గనుల్లోంచి బొగ్గు తీసి, చెల్పూరు థర్మల్ కేంద్రంలో కాలిస్తే వచ్చే కరెంటుతో బతికే మాకు ఆ అంకె అంటే ఏమిటో వివరంగా చెప్పక్కర్లేదు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయిన ఇళ్ళు ఇక్కడ ఉన్నాయి. ఎండలో నీళ్ళు ఇగిరిపోయి ఏప్రిల్‌కే చెరువడుగు నెర్రెలిచ్చిన ఏళ్ళు జనగామ మరిచిపోలేదు. దేవాదుల నుంచి లిఫ్టు చేసి ఎత్తిన నీటి విలువ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలకూ తెలుసు. ఒక్క చుక్క కూడా గాలికి పోకూడదు.

అందుకని రా తెప్పా, మా నీళ్ళ మీదికి రా. ఎండకు మా దగ్గర కొరత లేదు. అయితే నీళ్ళన్నీ కప్పెయ్యొద్దు. తూము దగ్గర జాగా వదులు, మత్తడి దారి వదులు. బర్లు దిగే రేవు, బట్టలుతికే బండ, బతుకమ్మ సాగే పక్క వదులు. నిన్ను కట్టే ఇంజినీర్లు తాళ్ళ పొడవు కొలిచేటప్పుడు, మే నెలలో అడుగంటిన మట్టమూ ఆగస్టులో మత్తడి దుంకే మట్టమూ రెండూ చూసి కొలవాలి. నీరు పెరిగినప్పుడు తాడు పొట్టిదైతే అంచు ఫ్లోటు కిందికి లాగబడి మునుగుతుంది. నీరు తగ్గినప్పుడు తాడు మరీ వదులైతే తెప్ప గాలికి కొట్టుకుపోయి కట్టకు తగులుతుంది. కాగితాల్లో ఉండే గాలి లెక్కలు ఎక్కడో దూరపు స్టేషనువి. లంగరు దిమ్మె దించే ముందు ఆ చెరువు మత్స్య సహకార సంఘం వాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. నీళ్ళ కింద ఏ చోట బండ ఉందో, ఏ చోట ఒండ్రు నడుం లోతు ఉందో, ఏ నెలలో గాలి ఏ వైపు నుంచి లేస్తుందో, ఏ మూలన అల కట్టకు తగిలి తిరిగొచ్చి రెట్టింపవుతుందో వాళ్ళకు తెలుసు. వాళ్ళకు తెప్ప వస్తున్న కబురు ముందే అందాలి, వాళ్ళ వలల జాగా కాగితం మీద ముందే గీయాలి, కరెంటు అమ్మిన డబ్బులో ఆ సంఘానికి వాటా రాసి పెట్టాలి.